ఎల్‌ఎస్‌ఎంఓలో స్ట్రాన్షియం 30 శాతం వేసినా క్యూరీ ఉష్ణోగ్రత 340 కెల్విన్ దగ్గరే ఆగింది: డోపింగ్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

#1 – సున్నా కెల్విన్

ఎల్‌ఎస్‌ఎంఓ అంటే లాంథనం మాంగనైట్‌లో కొంత లాంథనానికి బదులు స్ట్రాన్షియం కలిపిన (డోపింగ్ చేసిన) పదార్థం. మాది 30 శాతం, అంటే ఎక్స్ = 0.3. మామూలు ఘనస్థితి పద్ధతి. 1000 డిగ్రీల సెల్సియస్‌లో 12 గంటలు, మళ్లీ నూరి 1200లో 24 గంటలు, పెల్లెట్ చేసి 1350లో 24 గంటలు, అన్నీ గాలిలోనే. చివర్లో ట్యూబ్ ఫర్నేస్‌లో 1100 నుంచి ఆర్గాన్ పారిస్తూ చల్లబరిచాం. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణ వివర్తనంలో) అదనపు శిఖరాలు లేవు. వీఎస్‌ఎంలో (అయస్కాంతత్వం కొలిచే యంత్రంలో) క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, 340 కెల్విన్. ఏక స్ఫటికాలకు అచ్చయిన విలువ 369. నిరోధకత శిఖరమైతే 290 కెల్విన్ దగ్గరే వచ్చింది. తూకాలు మూడుసార్లు సరిచూశాం. ఇంకేం చూడాలి?

#2 – కొలిమి కబుర్లు

తూకాలు సరిచూడటం అంటే కాగితం మీద అంకెలు సరిచూడటం కాదండీ. లాంథనం ఆక్సైడ్ సీసా ఎంతకాలంగా తెరిచి ఉంది అన్నది ముందు ప్రశ్న.

10 గ్రాముల బ్యాచ్‌కి లెక్క: లాంథనం ఆక్సైడ్ 5.036 గ్రాములు, స్ట్రాన్షియం కార్బొనేట్ 1.956 గ్రాములు, డైమాంగనీస్ ట్రయాక్సైడ్ 3.486 గ్రాములు. ట్రయాక్సైడ్ బదులు మాంగనీస్ డయాక్సైడ్ వాడితే 3.839 గ్రాములు. లాంథనం ఆక్సైడ్ గాలిలో తేమ పీల్చి హైడ్రాక్సైడ్ అవుతుంది. పూర్తిగా మారితే బరువు 16.6 శాతం పెరుగుతుంది. అప్పుడు మీరు తూచిన 5.036 గ్రాముల్లో నిజమైన ఆక్సైడ్ 4.32 గ్రాములే. ఫార్ములాలో 0.7 అనుకున్న లాంథనం 0.60కి పడిపోతుంది. చూడటానికి రెండూ తెల్లపొడులే.

చేయాల్సింది: తూచే ముందు రోజు రాత్రి 1000 డిగ్రీల్లో 10, 12 గంటలు కాల్చాలి. 300 డిగ్రీలకు దిగాక తీసి డెసికేటర్‌లో పెట్టాలి. గోరువెచ్చన అవగానే తూచెయ్యాలి, తూకం పూర్తయ్యేదాకా మూత తియ్యకూడదు. స్ట్రాన్షియం కార్బొనేట్‌కి 200 డిగ్రీల్లో కొన్ని గంటలు చాలు.

#3 – జంటమార్పిడి

కొలిమి గారి సలహా ఎప్పుడైనా పనికొచ్చేదే. కానీ ఇక్కడ దోషి అది కాదనుకుంటాను.

లాంథనం తక్కువైతే ఏమవుతుంది? మిగిలిపోయిన మాంగనీస్ ఎంఎన్3ఓ4గా బయటపడుతుంది. పెరోవ్‌స్కైట్‌లో (అసలు మాంగనైట్ స్ఫటికంలో) స్ట్రాన్షియం వాటా 0.30 నుంచి 0.33కి పెరుగుతుంది. ఏక స్ఫటికాల విలువలు చూడండి: ఎక్స్ = 0.175కి 283 కెల్విన్, 0.2కి 309, 0.3కి 369, 0.4కి 371. అంటే 0.3 దాటాక వంపు దాదాపు చదును. తడి లాంథనం వల్ల గ్రాముకు వచ్చే అయస్కాంతీకరణ తగ్గుతుందే తప్ప క్యూరీ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దిగదు. 0.3కి ఎడమవైపు మాత్రం వంపు నిటారుగా ఉంటుంది. 340 కెల్విన్ రావాలంటే హోల్స్ (స్ట్రాన్షియం వల్ల ఎలక్ట్రాన్లు తగ్గి ఏర్పడే ధన వాహకాలు, అంటే మాంగనీస్ 4+లు) సంఖ్య ఫార్ములాకు 0.25 చుట్టుపక్కల ఉండాలి.

హోల్స్ పోయాయి, స్ట్రాన్షియం మాత్రం ఉంది. ఆ రెండూ కలిసి జరగాలంటే దారి ఒకటే: ఆక్సిజన్ ఖాళీలు. ఒక్కో ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను వదిలి రెండు హోల్స్‌ని మింగేస్తుంది. కాబట్టి నిజమైన హోల్స్ = స్ట్రాన్షియం మైనస్ రెండింతల ఖాళీలు. 0.05 తగ్గడానికి ఫార్ములాకు 0.025 ఖాళీ చాలు. ఆక్సిజన్‌లో ఒక శాతం కూడా కాదు. ఎక్స్‌ఆర్‌డీ దాన్ని పట్టుకోలేదు. 1100 నుంచి ఆర్గాన్ పారించారు కదా, నా అనుమానమంతా దాని మీదే.

#4 – స్ఫటికం

ఎక్స్‌ఆర్‌డీ అసలు పట్టుకోలేదని తోసెయ్యకండి. రాగి కే-ఆల్ఫాతో టూ-తీటా 32.5, 33 మధ్య ఉండే ప్రధాన శిఖరం రెండుగా చీలిందా? ఎక్స్ = 0.3 దగ్గర రాంబోహెడ్రల్ నిర్మాణానికి అది గుర్తు. వేగంగా స్కాన్ చేస్తే ఆ చీలిక కలిసిపోతుంది. 0.01 డిగ్రీల అడుగుతో, అడుగుకు కొన్ని సెకన్లు ఆగుతూ ఆ ఒక్క భాగమే మళ్లీ తీయండి. అంతర్గత ప్రమాణంగా సిలికాన్ పొడి కలిపితే జాలక పరామితుల మీద నమ్మకం ఉంటుంది. లేకపోతే శాంపిల్ ఎత్తు తేడాయే డోపింగ్ ప్రభావంలా కనిపిస్తుంది.

అదనపు శిఖరాలు లేవన్న మాటకు అర్థం రెండు మూడు శాతం కన్నా ఎక్కువ మలినం లేదని మాత్రమే.

ఇంకోటి, అల్యూమినా క్రూసిబుల్ వాడారా? 1350లో పెల్లెట్ అల్యూమినాని నేరుగా తాకితే అల్యూమినియం మాంగనీస్ స్థానంలోకి చొరబడుతుంది. దానికి డీ ఎలక్ట్రాన్లు లేవు, మాంగనీస్-ఆక్సిజన్-మాంగనీస్ గొలుసు అక్కడ తెగుతుంది. క్యూరీ ఉష్ణోగ్రతా పడుతుంది, సాచురేషనూ (గరిష్ఠ అయస్కాంతీకరణ) పడుతుంది. పెల్లెట్ కింద అదే మిశ్రమం పొడిని పరచండి, లేదా ప్లాటినం రేకు వాడండి.

#5 – సున్నా కెల్విన్

కింద అదే పొడి పరిచాం. చీలిక ఉంది. 5 కెల్విన్‌లో సాచురేషన్ గ్రాముకు 90 ఈఎంయూ (అయస్కాంత భ్రామకం యూనిట్లు).

#6 – జంటమార్పిడి

ఎక్స్ = 0.3కి ఒక్కో మాంగనీస్‌కి 3.7 బోర్ మాగ్నెటాన్లు (అణువు స్థాయిలో అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం) రావాలి. గ్రాముకి మార్చితే 91 ఈఎంయూ. మీది 90. అంటే అల్యూమినియం లేదు, చెప్పుకోదగ్గ మలినమూ లేదు. హోల్స్ 0.25 అయితే 3.75 మాగ్నెటాన్లు రావాలి, కానీ ఆ తేడా తూకం పొరపాటులో కలిసిపోతుంది. కాబట్టి సాచురేషన్‌తో ఆక్సిజన్ సంగతి తేలదు. టైట్రేషన్ చేయక తప్పదు.

#7 – పల్చటి పొర

మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. క్యూరీ ఉష్ణోగ్రతని నిర్ణయించేది మాంగనీస్ 4+ సంఖ్యే అయితే కాల్షియంతో డోపింగ్ చేసినా అంతే రావాలి కదా?

#8 – జంటమార్పిడి

రాదు. హోల్స్ 0.3 అలాగే ఉంచి స్ట్రాన్షియం బదులు కాల్షియం పెడితే 250 కెల్విన్ దగ్గరకు దిగుతుంది. లాంథనం తీసేసి ప్రాసియోడిమియం, కాల్షియం పెడితే అదే 0.3 హోల్స్‌తో అది లోహమే కాదు, అయస్కాంత క్షేత్రం లేకుండా విద్యుద్బంధకంగానే ఉండిపోతుంది.

కారణం చూద్దాం. మాంగనీస్ 3+లో మూడు టీ2జీ ఎలక్ట్రాన్లు, ఒక ఈజీ ఎలక్ట్రాన్ (ఇవి డీ ఎలక్ట్రాన్లలో రెండు జట్లు). 4+లో ఆ ఈజీ ఎలక్ట్రాన్ ఉండదు. మధ్యనున్న ఆక్సిజన్ మీదుగా ఆ ఎలక్ట్రాన్ పక్క మాంగనీస్ మీదకు దూకాలంటే రెండు చోట్లా లోపలి స్పిన్‌లు ఒకే దిశలో ఉండాలి, లేకపోతే హుండ్ నియమం ప్రకారం శక్తి ఖర్చు ఎక్కువ. దూకితే శక్తి తగ్గుతుంది కాబట్టి స్పిన్‌లు వరుసలోకి వస్తాయి. విద్యుత్ ప్రవహించడం, అయస్కాంతం కావడం ఇక్కడ ఒకే పని. 1950లో యోంకర్, వాన్ సాంటెన్ ప్రయోగంలో చూసినదాన్ని 1951లో జీనర్ ఇలా వివరించాడు. డోపింగ్ లేని లాంథనం మాంగనైట్‌లో ఈ దూకుడుకు చోటే లేదు, అందుకే అది 140 కెల్విన్ కింద యాంటీఫెర్రో అయస్కాంత విద్యుద్బంధకం.

అయితే ఎంత సులువుగా దూకుతుందన్నది మాంగనీస్-ఆక్సిజన్-మాంగనీస్ కోణం మీద ఉంటుంది. 180కి దగ్గరైతే మంచిది. స్ట్రాన్షియం పెద్ద అయాన్, కోణాన్ని 166 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. కాల్షియం చిన్నది, 160 దగ్గరకు వంచేస్తుంది. ఆ ఆరు డిగ్రీలకే వంద కెల్విన్లకు పైగా పోతోంది. డోపెంట్ రెండు పనులు చేస్తుంది: ఆవేశం మారుస్తుంది, జాగా మారుస్తుంది. చాలామంది మొదటిదే లెక్కేస్తారు. మూడోది కూడా ఉంది. సగటు వ్యాసార్థం ఒకటే ఉంచి, పెద్ద చిన్న అయాన్ల తేడా పెంచితే ఆ గజిబిజికే క్యూరీ ఉష్ణోగ్రత పడుతుంది. 1996లో రోడ్రిగెజ్-మార్టినెజ్, ఆట్‌ఫీల్డ్ దీన్ని విడిగా చూపించారు.

#9 – బ్యూరెట్

అయోడిన్ టైట్రేషన్ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని చెడగొట్టడం చాలా తేలిక.

100 మిల్లీగ్రాముల మెత్తటి పొడిని 0.1 మిల్లీగ్రాము కచ్చితత్వంతో తూచండి. ఫ్లాస్క్‌లో నీళ్లు పోసి ముందుగా 10 నిమిషాలు నైట్రోజన్ బుడగలు పంపండి. ఒక గ్రాము పొటాషియం అయొడైడ్ వేసి, పొడి వేసి, చివరగా గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు పొయ్యండి. వరుస ముఖ్యం. అయొడైడ్ లేకుండా ఆమ్లం ముందు పోస్తే మాంగనీస్, ఆమ్లంలోని క్లోరైడ్‌ని క్లోరిన్ చేసి గాల్లోకి వదిలేస్తుంది, ఆ మేరకు విలువ తక్కువ వస్తుంది. నైట్రోజన్ ఆపితే ఉల్టా: గాలిలోని ఆక్సిజన్ ఆమ్లంలో అయొడైడ్‌ని అయోడిన్ చేసి విలువ పెంచుతుంది. పొడి మొత్తం కరిగేదాకా మూత పెట్టి, వెలుతురు తగలకుండా ఉంచండి. తర్వాత 0.05 మోలార్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేసి, లేత పసుపుకి వచ్చాకే పిండి ద్రావణం కలపండి. ముందే కలిపితే అయోడిన్ పిండికి పట్టేసి ముగింపు సాగదీస్తుంది.

మాంగనీస్ అంతా 2+కి దిగుతుంది. 100 మిల్లీగ్రాములంటే 0.4416 మిల్లీమోల్. సగటు వాలెన్సీ 3.30 అయితే 11.48 మిల్లీలీటర్లు ఖర్చవ్వాలి. 3.25 అయితే 11.04. ఒక్క 0.1 మిల్లీలీటర్ తేడా అంటే వాలెన్సీలో 0.011, ఆక్సిజన్‌లో 0.006. కనీసం మూడు తూకాలతో, పొడి వెయ్యకుండా ఒక ఖాళీ పరీక్షతో కలిపి చెయ్యండి. థయోసల్ఫేట్‌ని అదే రోజు పొటాషియం అయొడేట్‌తో ప్రమాణీకరించండి, పాత సీసా మీది అంకెను నమ్మొద్దు.

#10 – సున్నా కెల్విన్

ఖాళీ పరీక్ష తీసేశాక 11.07, 11.02, 11.05 మిల్లీలీటర్లు.

#11 – జంటమార్పిడి

వాలెన్సీ 3.25. ఖాళీలు 0.025. ఇక వాదన లేదు.

#12 – కొలిమి కబుర్లు

ఒప్పుకుంటున్నా, ఇది ఆర్గాన్ పనే.

ఇప్పుడు సరిచేసే పద్ధతి. ఆ పెల్లెట్‌ని అలాగే ఆక్సిజన్‌లో పెడితే లాభం లేదు. ఎల్‌ఎస్‌ఎంఓలో ఆక్సిజన్ వ్యాపనం చాలా నెమ్మది, కోబాల్ట్ ఆక్సైడ్లలోలా చకచకా లోపలికి పోదు. దట్టమైన పెల్లెట్‌లో పైపొర నిండి లోపల అలాగే ఉంటుంది, అప్పుడు క్యూరీ ఉష్ణోగ్రత దగ్గర మార్పు పలచగా సాగి కనిపిస్తుంది. పగలగొట్టి అగేట్ కల్వంలో నూరండి. ఆ పొడిని పారుతున్న ఆక్సిజన్‌లో 900 డిగ్రీల్లో 24 గంటలు ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున 400కి దించండి, ఆపైన ఫర్నేస్ ఆపేయొచ్చు. అయస్కాంత కొలతకు పొడి చాలు.

నిరోధకత కొలవాలంటే మళ్లీ పెల్లెట్ కావాలి. 13 మిల్లీమీటర్ల డైలో ఒక గ్రాము, రెండు శాతం పీవీఏ (పొడిని అతికించే జిగురు) ద్రావణం రెండు చుక్కలు, 4 టన్నుల ఒత్తిడి. పీవీఏ కాలిపోయేదాకా, అంటే 600 దాకా, నిమిషానికి రెండు డిగ్రీలు మించకూడదు. తొందరపడితే పొరలుగా విడిపోతుంది. 1350 సింటరింగ్ ఈసారి ఆక్సిజన్‌లోనే చేసి, అందులోనే నెమ్మదిగా దించండి.

పెల్లెట్ కొన్ని రోజులకి దానంతటదే పొడిపొడిగా రాలిపోతే చర్య పూర్తికాలేదని అర్థం. లోపల మిగిలిన లాంథనం ఆక్సైడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది.

#13 – స్ఫటికం

నిరోధకత శిఖరం 290 దగ్గర రావడానికి ఆక్సిజన్ ఒక్కటే కారణం కాదు, అది వేరే సంగతి. పెల్లెట్‌లో కరెంటు రేణువుల సరిహద్దులు దాటాలి. అక్కడ స్పిన్‌ల వరుస చెదిరి ఉంటుంది, నిరోధం ఎక్కువ. అందుకే రేణువులు చిన్నవైనకొద్దీ నిరోధకత శిఖరం క్యూరీ ఉష్ణోగ్రతని వదిలేసి కిందికి జారుతుంది. ఆక్సిజన్ సరిచేశాక క్యూరీ ఉష్ణోగ్రత 365 దాటినా శిఖరం వెనకబడితే కంగారుపడకండి. అయస్కాంత క్షేత్రం కొంచెం పెట్టగానే, వెయ్యి రెండు వేల ఓర్‌స్టెడ్‌లలోనే, తక్కువ ఉష్ణోగ్రతల్లో నిరోధకత గబుక్కున పడితే అది సరిహద్దుల మీదుగా స్పిన్ టనెలింగ్. ఏక స్ఫటికంలో ఆ పతనం కనిపించదు.

#14 – పల్చటి పొర

స్ట్రాన్షియం టైటనేట్‌లో 5 శాతం లాంథనం వేసి గాలిలో 1400లో కాలిస్తే తెల్లగా, మల్టీమీటర్‌కి అందనంత నిరోధంతో వస్తోంది. లాంథనం 3+ కాబట్టి ఎలక్ట్రాన్లు రావాలి కదా. ఇదీ ఆక్సిజన్ కథేనా?

#15 – బ్యూరెట్

అదే కథ, దిశ వేరు. గాలిలో కాల్చినప్పుడు అదనపు ఆవేశాన్ని ఎలక్ట్రాన్లు కాదు, స్ట్రాన్షియం ఖాళీలు సర్దుతాయి. రెండు లాంథనాలకు ఒక స్ట్రాన్షియం ఖాళీ. వాహకాలు సున్నా. అదే పొడిని 5 శాతం హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్‌లో 1400లో కాలిస్తే నల్లబడి వాహకం అవుతుంది. డోపెంట్ మారలేదు, వాయువు మారింది.

ఏ ఆక్సైడ్‌కైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ ఆవేశ లోటునో మిగులునో ఎవరు సర్దుతున్నారు? నికెల్ ఆక్సైడ్‌లో లిథియం వేస్తే హోల్స్ సర్దుతాయి, ఆకుపచ్చ పొడి నల్లగా మారి వాహకం అవుతుంది. జిర్కోనియాలో 8 మోల్ శాతం యిట్రియా వేస్తే ఆక్సిజన్ ఖాళీలు సర్దుతాయి, ఎలక్ట్రాన్లు ఏమీ రావు, అయాన్ వాహకం తయారవుతుంది. లిథియంతో ఇంకో బెడద, ఎక్కువ వేడికి ఆవిరైపోతుంది. సీసా మీద రాసిన శాతం కాదు, కాల్చాక ఐసీపీలో (మూలకాల విశ్లేషణలో) వచ్చిన శాతమే రాయాలి.

పైగా శాతం అంటే ఏ శాతం? జింక్ ఆక్సైడ్ టార్గెట్ మీద 2 శాతం అల్యూమినా అని ఉంటే అది బరువు శాతం, అల్యూమినియం అణువుల లెక్కలో 3.15 శాతం. ఇండియం ఆక్సైడ్‌లో 10 బరువు శాతం టిన్ ఆక్సైడ్ అంటే టిన్ 9.3 అణు శాతం. ఇవి కలగాపులగం చేసి రెండు పేపర్ల వంపులు పోల్చేవాళ్లకు కొదవలేదు.

#16 – పల్చటి పొర

అర్థమైంది. చివరి ప్రశ్న: జింక్ ఆక్సైడ్ పొరలో 5 శాతం కోబాల్ట్. గది ఉష్ణోగ్రతలో చిన్న హిస్టెరిసిస్ (క్షేత్రం తీసేసినా కొంత అయస్కాంతత్వం మిగలడం) వస్తోంది. ఒక్కో కోబాల్ట్‌కి ఒక మాగ్నెటాన్ చొప్పున లెక్క తేలుతోంది. డోపింగ్ వల్ల వచ్చిన ఫెర్రో అయస్కాంతత్వం అనుకోవచ్చా?

#17 – జంటమార్పిడి

అనుకోకండి, ముందు లెక్క వెయ్యండి. 5 బై 5 మిల్లీమీటర్లు, 100 నానోమీటర్ల మందం పొర అనుకుందాం. జింక్ ఆక్సైడ్ మొత్తం 14 మైక్రోగ్రాములు. 5 శాతం కోబాల్ట్, ఒక్కోదానికి ఒక మాగ్నెటాన్ అంటే సంకేతం సుమారు 5 లక్షో వంతుల ఈఎంయూ. ఇంతే సంకేతం ఇవ్వడానికి ఇనుము 0.22 మైక్రోగ్రాము చాలు. అది 30 మైక్రాన్ల తునక, కంటికి ఆనదు. 2005లో హాఫ్నియం ఆక్సైడ్ పొరల విషయంలో స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టుకారుతో తాకితేనే ఇలాంటి సంకేతం వస్తుందని తేల్చారు.

ప్లాస్టిక్ లేదా టైటానియం పట్టుకారు వాడండి. కోబాల్ట్ లేని పొరని, ఖాళీ సబ్‌స్ట్రేట్‌ని అన్ని అంచెల గుండా నడిపి కొలవండి. సబ్‌స్ట్రేట్ అంచులకు అంటిన సిల్వర్ పేస్ట్‌ని, కత్తి గీతల్ని ఆమ్లంతో కడగండి. ఇవన్నీ దాటాక కూడా లోహ కోబాల్ట్ రేణువులు మిగులుతాయి. కోబాల్ట్ లోహానికి ఒక్కో అణువుకు 1.7 మాగ్నెటాన్లు, కాబట్టి మీ ఒక మాగ్నెటాన్‌ని 60 శాతం కోబాల్ట్ లోహంగా బయటపడటంతో కూడా వివరించొచ్చు. వాక్యూమ్‌లో తక్కువ ఆక్సిజన్ ఒత్తిడిలో పెంచిన పొరల్లో ఇది మరీ సులువు. జీరో ఫీల్డ్ కూల్డ్, ఫీల్డ్ కూల్డ్ (క్షేత్రం లేకుండా, క్షేత్రంలో చల్లబరిచి తీసిన) వంపులు విడిపోయి ఒక బ్లాకింగ్ శిఖరం కనిపిస్తే రేణువులనే అనుమానించండి. కనిపించకపోయినా లేవని కాదు.

మాంగనైట్‌తో తేడా చూడండి. అక్కడ మాంగనీస్ ప్రతి స్థానంలో ఉంది, గొలుసు తెగదు. ఇక్కడ 20లో ఒక స్థానం కోబాల్ట్‌ది. వాహకాలు చాలినన్ని లేకుండా అంత దూరాల మీద స్పిన్‌లు గది ఉష్ణోగ్రతలో వరుసలో ఉండటం నమ్మడం నాకు కష్టం.

#18 – స్ఫటికం

మీ చివరి మాట కొంచెం కటువుగా ఉంది, పట్టుకారు సంగతి మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

#19 – సున్నా కెల్విన్

ఆక్సిజన్‌లో కాల్చిన పొడికి 366 కెల్విన్ వచ్చింది. టైట్రేషన్‌ని ఇంకో పద్ధతితో సరిపోల్చాలంటే?

#20 – బ్యూరెట్

టీజీఏ, అంటే వేడి చేస్తూ బరువు మార్పు కొలవడం. 5 శాతం హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్‌లో 1100 దాకా వేడి చేస్తే శాంపిల్ లాంథనం ఆక్సైడ్, స్ట్రాన్షియం ఆక్సైడ్, మాంగనీస్ మోనాక్సైడ్‌గా విడిపోతుంది. ఆక్సిజన్ సరిగ్గా 3 ఉంటే బరువు నష్టం 4.59 శాతం, పాత శాంపిల్‌కైతే 4.42. తేడా 0.17 శాతమే కాబట్టి కనీసం 50 మిల్లీగ్రాములు తీసుకోండి. ముందు ఖాళీ క్రూసిబుల్‌తో అదే ప్రోగ్రాం నడిపి వాయువు తేలుడు సవరణ తీసేయండి. చివరి బరువు వేడిగా ఉన్నప్పుడే, వంపు చదునయ్యాక చదవండి. చల్లారాక చదివితే లాంథనం ఆక్సైడ్ తేమనీ, స్ట్రాన్షియం ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చి నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తాయి.

టైటనేట్‌కి ఇవి రెండూ పనిచెయ్యవు పల్చటి పొర గారూ. మీరు వాహకాల సంఖ్య తేల్చే హాల్ కొలతకే వెళ్లాలి. ఒక శాతం డోపెంట్‌లో ప్రతిదీ ఒక ఎలక్ట్రాన్ ఇస్తే ఘన సెంటీమీటరుకు 1.7 గుణించు 10 ఘాతం 20 రావాలి. వచ్చినదాన్ని దానితో భాగిస్తే ఎంతమంది పని చేస్తున్నారో తెలుస్తుంది.